కృత్రిమ కాలు: ఇచ్చిన తర్వాత మొదలయ్యే పని

ఉచిత కృత్రిమ కాళ్ల శిబిరం జరిగిన మర్నాడు జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఎన్ని కాళ్లు పంచారు, ముఖ్య అతిథిగా ఎవరొచ్చారు అన్నది అందులో ఉంటుంది. ఆ కాళ్లలో ఆరు నెలల తర్వాత ఎన్ని వాడుకలో ఉన్నాయో రాయడం అరుదు. నిజానికి తెలుసుకోవాల్సింది అదే. కాలు అమర్చడం ఒక్క రోజులో అయిపోవచ్చు. దాంతో ఇంట్లో, వీధిలో, పొలంలో తిరగడం మాత్రం నెలల తరబడి నేర్చుకోవాలి, ఎవరో ఒకరు దగ్గరుండి నేర్పాలి. నేర్పేవాళ్లు లేకపోతే ఎంత మంచి కాలైనా మూలన పడుతుంది. తప్పు పేషెంటుదే అన్నట్టు, 'అలవాటు చేసుకోలేకపోయాడు' అనేస్తారు.

ఆ మాట ఎంత అన్యాయమో అర్థం కావాలంటే, కృత్రిమ కాలు వేసుకుని నిలబడినప్పుడు ఒంటి బరువు ఎక్కడ పడుతుందో చూడాలి. మామూలుగా అది అరికాలి మీద పడుతుంది. అరికాలి చర్మం అందుకు తగ్గట్టే మందంగా ఉంటుంది, మడమ కింద కొవ్వు పొర ఉంటుంది. మోకాలి కింద కాలు తీసేసిన మనిషికి ఆ బరువు మోయాల్సింది మోకాలి చిప్ప కింద వేలితో నొక్కితే గట్టిగా తగిలే స్నాయువు, ముంగాలి ఎముక పైభాగంలో లోపలివైపు ఉన్న వెడల్పాటి చోటు, వెనకాల పిక్క కండ. పుట్టినప్పటి నుంచీ వీటికి ఆ పని తెలియదు. పైగా పక్కనే అసలు బరువు పడకూడని చోట్లు ఉన్నాయి. ముంగాలి ఎముక అంచు ఒకటి. మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే ఎముక బుడిపె ఒకటి. కోసిన ఎముక చివర అన్నిటికంటే సున్నితం.

సాకెట్, అంటే మిగిలిన కాలు దూరే గిన్నె లాంటి పైభాగం, చేసే ప్రోస్థెటిస్ట్ (కృత్రిమ అవయవాల నిపుణుడు) పనితనమంతా ఇక్కడే ఉంది. స్టంప్‌కి, అంటే మిగిలిన కాలికి, ప్లాస్టర్ అచ్చు తీస్తారు. ఆ అచ్చు మీద బరువు పడాల్సిన చోట కాస్త చెక్కుతారు, పడకూడని చోట కాస్త ప్లాస్టర్ చేరుస్తారు. ఆ రూపం మీద తయారైన సాకెట్ కొన్ని చోట్ల నొక్కి పట్టుకుంటుంది, కొన్ని చోట్ల తాకీ తాకకుండా ఉంటుంది. స్నాయువు మీద బరువు మోపే ఈ పద్ధతి 1950ల చివర్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో రూపుదిద్దుకుంది. తర్వాత ఎన్నో మార్పులు వచ్చినా మన దగ్గర చాలాచోట్ల ఇప్పటికీ ఆ లెక్కే నడుస్తోంది.

కాబట్టి మొదటిసారి నిలబడిన మనిషి 'నొప్పిగా ఉంది' అంటే అది సహజం. కానీ ఏ నొప్పి అన్నది చూడాలి. కాసేపు నడిచాక సాకెట్ తీసి చర్మాన్ని పరిశీలిస్తారు. చిప్ప కింద ఎర్రబడి, పది నిమిషాల్లో ఆ ఎరుపు తగ్గిపోతే భయం లేదు, చర్మం కొత్త పని నేర్చుకుంటోంది. అదే ఎరుపు ఎముక చివరో, బుడిపె మీదో ఉండి ఇరవై నిమిషాలైనా పోకపోతే సాకెట్ సరిచేయాలి. బొబ్బ లేచిందంటే అది మానేదాకా కాలు వేసుకోకూడదు. పట్టుదలగా నడిచేస్తే పుండు పడుతుంది, పుండు పడితే వారాల తరబడి మళ్లీ చంకకర్రలే గతి. షుగర్ ఉన్నవాళ్లకి స్టంప్ మీద స్పర్శ సరిగా తెలియకపోవచ్చు. వాళ్లు నొప్పిని నమ్ముకోకుండా, రోజూ చిన్న అద్దం పట్టుకుని స్టంప్ అడుగుభాగం చూసుకోవాలి.

చాలామంది పొరపడే చోటు ఇంకొకటి ఉంది. స్టంప్ ఒకే సైజులో ఉండదు. పొద్దున వేసుకున్నప్పుడు బిగుతుగా ఉన్న సాకెట్ సాయంత్రానికి వదులవుతుంది, ఎందుకంటే నడిచే కొద్దీ లోపలి నీరు పైకి పోయి కండ కాస్త కుంచించుకుంటుంది. అప్పుడు కాలు సాకెట్‌లో ఇంకా కిందికి దిగుతుంది, ఎముక చివర అడుగుకు తగులుతుంది. పేషెంటుకు అది 'బిగిసిపోయి నొప్పి పెడుతున్నట్టు' అనిపిస్తుంది. దాంతో లోపల వేసుకున్న మేజోడు ఒకటి తీసేస్తాడు. కాలు ఇంకా కిందికి దిగుతుంది, నొప్పి రెట్టింపవుతుంది. చేయాల్సింది దానికి సరిగ్గా ఉల్టా: ఇంకో స్టంప్ మేజోడు వేసుకోవాలి. పల్చటివి, మందపాటివి రకరకాల మేజోళ్లు ఇచ్చేది ఇందుకే. రోజులో ఎప్పుడు ఎన్ని వేసుకోవాలో తెలియడం నడక నేర్చుకోవడంలో సగం. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో ఈ తేడా మరీ ఎక్కువగా ఉంటుంది. డయాలసిస్ రోజు ముందు ఒక కొలత, తర్వాత ఒక కొలత. ఇంత చిన్న విషయం చెప్పేవాళ్లు లేక కాలు వదిలేసినవాళ్లు ఉన్నారంటే బాధ కలుగుతుంది. చెప్పడానికి పట్టేది పది నిమిషాలు.

కాలు రాకముందే మొదలవ్వాలి

ఆపరేషన్ అయిన మర్నాటి నుంచే నడకకు పునాది పడుతుంది, లేదా పాడవుతుంది. పాడవడం ఎక్కువగా ప్రేమతోనే జరుగుతుంది. ఇంట్లోవాళ్లు స్టంప్ కింద మెత్తటి దిండు పెడతారు. హాయిగా ఉంటుంది, మోకాలు వంగి ఉంటుంది. కొన్ని వారాలు అలాగే ఉంటే వెనక కండరాలు పొట్టివైపోయి మోకాలు వంగిన చోటే బిగుసుకుంటుంది. వంగిన మోకాలికి మంచి సాకెట్ అమర్చడం కష్టం, అమర్చినా నడక కుదరదు. అందుకే ఫిజియోలు దిండు తీసేయమని, మోకాలు చాచి ఉంచమని, కుర్చీలో స్టంప్ కిందికి వేలాడేసి గంటలు గంటలు కూర్చోవద్దని చెబుతారు. మోకాలి పైన తీసేసినవాళ్లకి తుంటి దగ్గర ఇదే ప్రమాదం. దానికి మందు రోజుకు రెండు మూడుసార్లు అరగంట చొప్పున బోర్లా పడుకోవడం. ఖర్చు లేని వైద్యం ఇది. అయినా చాలామందికి దీని సంగతి ఇంటికి వెళ్లాక గానీ తెలియదు.

రెండోది కట్టు. గాయం మానుతున్నప్పుడు క్రేప్ బ్యాండేజ్‌ని అడ్డంగా చుట్టలు చుట్టకూడదు. ఏటవాలుగా, ఎనిమిది అంకె ఆకారంలో చుట్టాలి. చివర దగ్గర బిగువు ఎక్కువ ఉండాలి, పైకి వచ్చే కొద్దీ తగ్గాలి. ఉల్టా అయితే పైన బిగిసి కింద ఉబ్బుతుంది, స్టంప్ గుండ్రటి గడ్డలా తయారవుతుంది. అలాంటిది సాకెట్‌లోకి దిగదు. కట్టు వదులైనప్పుడల్లా, అంటే రోజులో చాలాసార్లు, విప్పి మళ్లీ కట్టాలి. కాబట్టి ఇంట్లో కనీసం ఒకరికి ఈ కట్టు వచ్చి ఉండాలి. ఆస్పత్రి నుంచి పంపేముందు వాళ్ల చేత కట్టించి చూడటం మంచి వార్డుల్లో ఉన్న పద్ధతి.

ఈ రోజుల్లోనే మనిషిని కుంగదీసేది లేని కాలు నొప్పి. తీసేసిన పాదంలో వేళ్లు మెలితిరుగుతున్నట్టు, అరికాలు మండుతున్నట్టు అనిపిస్తుంది. అమెరికన్ వైద్యుడు సైలస్ వీర్ మిచెల్ 1871లోనే దీన్ని ఫాంటమ్ లింబ్ అన్నాడు. అది మనసు భ్రమ కాదు, పిచ్చీ కాదు. పాదం పోయినా మెదడులో ఆ పాదానికి కేటాయించిన చోటు అలాగే ఉంటుంది, తెగిన నరాలు సంకేతాలు పంపుతూనే ఉంటాయి. 1990లలో న్యూరాలజిస్ట్ వి.ఎస్.రామచంద్రన్ అద్దంతో ఒక పద్ధతి చూపించారు: ఉన్న అవయవాన్ని అద్దంలో చూస్తూ కదిలిస్తే, లేనిది కదిలినట్టు మెదడుకు కనిపిస్తుంది. కొందరికి దీంతో నొప్పి తగ్గుతుంది, కొందరికి మందులు కావాలి. నడకకు సంబంధించి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. కాలు ఉన్నట్టే అనిపిస్తుంది కాబట్టి నిద్రమత్తులో లేచి, లేని కాలి మీద అడుగేసి దబ్బున పడిపోతారు. కుట్లు విడిపోయేది, తుంటి విరిగేది ఇలాగే. మంచం పక్కన ఆ వైపే ఒక కుర్చీయో వాకరో అడ్డంగా పెట్టడం, రాత్రి చిన్న లైటు ఉంచడం చాలా పడిపోవడాలను ఆపుతాయి.

చిన్నదైపోయే అడుగు

కాలు వచ్చాక మొదటి పాఠం నడక కాదు, నిలబడటం. రెండు వైపులా కడ్డీలు పట్టుకుని బరువును పక్కకి, ముందుకి, వెనక్కి మార్చడం. ఎంత బరువు మోపుతున్నారో తెలియడానికి కొందరు ఫిజియోలు బరువు తూచే మెషీన్ తెచ్చి కృత్రిమ కాలి కింద పెడతారు. అరవై కిలోల మనిషి, బాగానే మోపుతున్నానని అనుకుంటూ, మెషీన్ మీద పదిహేను కిలోలు చూసి ఆశ్చర్యపోవడం మామూలే. ముల్లు ముప్ఫై దాటాలి, తర్వాత ఒంటి బరువంతా ఒక క్షణం దాని మీదే ఆగాలి. అప్పుడే ఇంకో కాలు పైకి లేస్తుంది.

కొత్తగా నడిచేవాళ్ల నడకలో తేలిగ్గా కనిపించే లోపం ఒకటి ఉంది. కృత్రిమ కాలు పెద్ద అడుగు వేస్తుంది, మంచి కాలు చిన్న అడుగు వేస్తుంది. చూసేవాళ్లు మంచి కాలిలో ఏదో లోపం అనుకుంటారు. అసలు సంగతి, మంచి కాలు గాలిలో ఉన్నంతసేపూ మనిషి కృత్రిమ కాలి మీద ఒంటరిగా నిలబడాలి. దాని మీద నమ్మకం లేక, మంచి కాలిని గబుక్కున కింద పెట్టేస్తాడు. కాబట్టి 'అడుగు పెద్దది వెయ్యి' అని అరిస్తే లాభం లేదు. కృత్రిమ కాలి మీద నిలబడి మంచి పాదాన్ని చిన్న స్టూలు మీద పెట్టి తీయడం, పాదం కింద బంతిని దొర్లించడం లాంటివి చేయించాలి. ఆ కాలి మీద నిలబడే ధైర్యం పెరిగే కొద్దీ అడుగు దానంతటదే పొడవవుతుంది. అలాగే నడుము పైభాగం కృత్రిమ కాలి వైపు ఒరుగుతుంటే తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉన్నాయని అనుమానించాలి. కాలిని పక్కనుంచి తిప్పి వేస్తుంటే కాలు పొడవు ఎక్కువై ఉండొచ్చు, లేదా వేలు నేలకు తగులుతుందన్న భయం కావచ్చు. మొదటిది ఫిజియో పని, రెండోది కాలు చేసినవాళ్లూ ఫిజియో కలిసి చూడాల్సిన పని. ఇద్దరూ ఒకే గదిలో ఉండాల్సిన అవసరం ఇక్కడే తెలుస్తుంది. కర్ర కూడా చాలామంది కృత్రిమ కాలి వైపే పట్టుకుంటారు. అది మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కృత్రిమ కాలు ముందు.

మోకాలి పైన తీసేసినవాళ్ల కష్టం వేరే స్థాయిలో ఉంటుంది. మడమ నేలకు ఆనిన క్షణంలో తొడను సాకెట్‌లో వెనక్కి నొక్కి పట్టకపోతే మామూలు కృత్రిమ మోకాలు మడిచేసుకుంటుంది. ప్రతి అడుగుకీ ఆ పని గుర్తుంచుకోవాలి, అది గుర్తుంచుకోనక్కర్లేని స్థితికి రావడానికి నెలలు పడుతుంది. వయసు మళ్లినవాళ్లకి అందుకే తాళం పడే మోకాలు ఇస్తారు. కాలు బిర్రుగా ఉంటుంది కానీ పడిపోరు. 1997లో జర్మనీ కంపెనీ ఒట్టోబాక్ తెచ్చిన సీ-లెగ్ లాంటి మైక్రోప్రాసెసర్ మోకాళ్లు ఆ టెన్షన్‌ని చాలావరకు తామే మోస్తాయి. ఖరీదు లక్షల్లో ఉంటుంది. ఇటువైపు, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, జైపూర్‌లో ఉచితంగా కృత్రిమ కాళ్లు ఇచ్చే సంస్థతో కలిసి చవకైన ప్లాస్టిక్ మోకాలు తయారుచేశారు. 2009లో టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణల జాబితాలో దాన్ని చేర్చింది.

ఎవరికైనా అలసట మాత్రం తప్పదు. మోకాలి కింద తీసేసిన యాక్సిడెంట్ పేషెంట్లకు నడకలో సుమారు నాలుగో వంతు శక్తి అదనంగా ఖర్చవుతుందని, మోకాలి పైన అయితే అది అరవై డెబ్భై శాతం దాకా వెళ్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. రక్తనాళాల జబ్బుతో, షుగర్‌తో కాలు పోయినవాళ్లకు ఇంకా ఎక్కువ. గుండె బలహీనంగా ఉన్న పెద్దాయన పది గజాలకే కూర్చుండిపోతే అది బద్ధకం కాదని ఇంట్లోవాళ్లకు తెలియాలి.

గడప, బాత్రూమ్, పొలం గట్టు

మన ఇళ్లు ఈ కాలిని పెట్టే పరీక్షలు వేరు. కృత్రిమ పాదాన్ని ఒక మడమ ఎత్తుకు సరిపడేట్టు బిగిస్తారు. బూట్లు వేసుకుని నడిచే దేశాల్లో అది బూటు మడమ ఎత్తు. మనం గుమ్మం దగ్గర చెప్పులు వదిలేస్తాం. అంగుళం మడమ ఉన్న బూటుకు సరిచేసిన కాలితో బూటు విప్పి ఇంట్లోకి అడుగు పెడితే, కాలు వెనక్కి వాలి మోకాలిని వెనక్కి నెడుతుంది. రోజంతా ఎత్తు ఎక్కుతున్నట్టే ఉంటుంది.

జైపూర్ కాలు పుట్టింది ఈ ఇబ్బంది నుంచే. 1960ల చివర్లో జైపూర్ సవాయి మాన్‌సింగ్ ఆస్పత్రిలో ఆర్థోపెడిక్ సర్జన్ డాక్టర్ పి.కె.సేఠీ, పెద్ద చదువులు లేని గొప్ప పనివాడు రామచంద్ర శర్మ కలిసి దాన్ని రూపొందించారు. అప్పటికి ఉన్న విదేశీ పాదం చీలమండ దగ్గర వంగదు, బూటు లేకుండా పనికిరాదు. పొలంలోకి దిగాల్సినవాళ్లు, నేల మీద కూర్చునేవాళ్లు దాన్ని తీసి పక్కన పెట్టేవారు. శర్మ చేసిన పాదం లోపల చెక్క, స్పాంజి రబ్బరు ముక్కలు ఉంటాయి. పైన టైరు రబ్బరు చుట్టి, అచ్చులో వేడికి ఉడికిస్తారు. అది అన్ని వైపులా కొంత వంగుతుంది, నీళ్లకీ బురదకీ ఓర్చుకుంటుంది, చెప్పుల్లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు. సేఠీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. రామచంద్ర శర్మ పేరు ఆ స్థాయిలో వినిపించకపోవడం లోటే. 1975లో డి.ఆర్.మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి ఈ కాలిని ఉచితంగా దేశమంతా, విదేశాలకూ తీసుకెళ్లింది. తర్వాత సాకెట్‌ని, పిక్క భాగాన్ని సాగునీటికి వాడే హెచ్‌డీపీఈ అనే గట్టి ప్లాస్టిక్ పైపులతో చేయడం మొదలయ్యాక ఖర్చూ సమయమూ తగ్గాయి.

పాదం వంగినంత మాత్రాన కింద కూర్చుని లేవడం రాదు, అదీ నేర్పాలి. మోకాలు ఉన్నవాళ్లయితే కృత్రిమ కాలి మోకాలిని నేలకు ఆన్చి, మంచి పాదాన్ని ముందు పెట్టి, ఒక చెయ్యి కుర్చీ మీద వేసి లేవాలి. పడిపోయినప్పుడూ లేచే పద్ధతి ఇదే, కాబట్టి పడకముందే సాధన చేయించాలి. బాత్రూమ్ సంగతి మరీ ముఖ్యం. స్నానానికి కాలు తీసేస్తారు, నేల తడిగా ఉంటుంది, ఒంటికాలి మీద గెంతుతారు. గోడకు ఒక కడ్డీ, గట్టి ప్లాస్టిక్ స్టూలు, వీలైతే కమోడ్ ఉండాలి. ఖరీదైన కాలి కంటే ముందు అమర్చాల్సినవి ఇవి. పొలం గట్టు మీద ఒక పక్కకి వాలిన నేలను పాదం సర్దుకోలేదు, ఆ పని తుంటి చేయాలి. వాలు దిగేటప్పుడు పక్కకి తిరిగి దిగడం మేలు. ఇక రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల మే నెలలో సాకెట్ లోపల చెమట కారుతుంది, చర్మం నానుతుంది, కాలు జారుతుంది. మధ్యాహ్నం ఒకసారి తీసి, తుడిచి, ఆరబెట్టి వేసుకోవాలి. స్టంప్‌ని రాత్రిపూట కడగాలి. పొద్దున్నే కడిగితే తడి చర్మం సాకెట్‌లో ఒరుసుకుంటుంది.

ఈ విషయం మీద మనకు బాగా తెలిసిన పేరు సుధా చంద్రన్. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలితో మళ్లీ నాట్యం చేశారు. ఆమె జీవితమే తెలుగులో సినిమాగా వచ్చింది. 2011లో రైల్లోంచి తోసేస్తే కాలు పోయిన అరుణిమా సిన్హా 2013 మేలో ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరికీ చేతులెత్తి మొక్కాల్సిందే. అయితే వాళ్ల కథలు చెప్పేటప్పుడు సంకల్పం గురించే మాట్లాడతారు, వెనకాల ఉన్న సాధన, సాకెట్ మార్పులు, పుళ్లు, మళ్లీ మొదలుపెట్టడాలు వదిలేస్తారు. దాంతో నల్గొండలోనో నంద్యాలలోనో ఒక లారీ డ్రైవరు, సరిగ్గా కుదరని సాకెట్‌తో రెండు నెలలు అవస్థ పడి, లోపం తన గుండె ధైర్యంలోనే ఉందనుకుంటాడు.

లోపం ఏర్పాటులో ఉంది. వికలాంగులకు పరికరాలు ఇప్పించే కేంద్ర ప్రభుత్వ ఏడిప్ పథకం 1981 నుంచీ ఉంది, ఆ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో 1972లో పెట్టింది కాన్పూర్‌లో ఉంది, తిరుపతిలో టీటీడీ నడిపే ఎముకల ఆస్పత్రి బర్డ్ ఉంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ (సదరం లాంటిది) చేతికి వస్తే పింఛనుకూ, పరికరాలకూ దారి తెరుచుకుంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం పునరావాసం ప్రభుత్వ బాధ్యతే అంటుంది. అయినా లెక్కంతా వస్తువు దగ్గరే ఆగిపోతోంది. ఒక్క రోజులో కాలు ఇచ్చి పంపడం కూలీకి వరమే, కాదనలేం. వారం రోజులు ఆస్పత్రిలో ఉండమంటే వారం కూలి పోతుంది. కానీ మొదటి ఏడాది, ఏడాదిన్నరలో స్టంప్ చాలా తగ్గిపోతుంది. మేజోళ్లు ఎన్ని వేసినా చాలని రోజు వస్తుంది, అప్పుడు కొత్త సాకెట్ కావాలి. ఎదిగే పిల్లలకైతే ఇంకా తరచుగా కావాలి. ఆ రెండో సాకెట్ కోసం మళ్లీ శిబిరం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాల్సి రావడమే కాళ్లు మూలన పడటానికి పెద్ద కారణం. కాలు ఇచ్చిన చోటే మూడు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి తేదీలు రాసిన కార్డు ఇచ్చి, బస్సు చార్జీలు చెల్లించి, జిల్లా ఆస్పత్రి ఫిజియోకి పేరు అప్పగిస్తే అయ్యే ఖర్చు కాలి ఖర్చు ముందు తక్కువే. శిబిరం పెట్టేవాళ్లు పంచిన కాళ్లతో పాటు ఏడాదికి నడుస్తున్న కాళ్ల సంఖ్య కూడా ప్రకటించాలని దాతలు అడగాలి.

షుగర్‌తో కాలు పోయినవాళ్ల విషయంలో ఇంకో మాట. అదే జబ్బు రెండో పాదంలోనూ ఉంది, ఇప్పుడు ఆ పాదం మీద భారమూ పెరిగింది. రోజూ వేళ్ల సందులు చూసుకోవాలి, చిన్న పగులైనా డాక్టరుకు చూపించాలి. కృత్రిమ పాదం చెప్పుల్లేకుండా నడవగలిగేదైనా, మిగిలిన పాదం మాత్రం ఇంట్లో కూడా ఉత్తిగా నేల మీద తిరగకూడదు. కాబట్టి ఇంటి లోపలికని మెత్తటి చెప్పుల జత ఒకటి వేరుగా ఉండాలి. ఆ చెప్పుల మందం, బయట వేసుకునే వాటి మందం దాదాపు ఒకటే ఉంటే మంచిది. కాలు సరిచేయించుకోవడానికి వెళ్లేటప్పుడు రెండు జతలూ సంచిలో వేసుకెళ్లి, రెండింటితోనూ నడిచి చూపించాలి.